మీ టౌన్ మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ వచ్చిందా? గడువులోపల అభ్యంతరం ఎలా వేయాలంటే

2023 జనవరిలో కామారెడ్డిలో ఏం జరిగిందో గుర్తుందిగా. డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో (ఊళ్లో ఏ భూమి దేనికి వాడాలో చెప్పే ప్లాన్) విలీన గ్రామాల పంట భూముల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు, ఒక రైతు ఆత్మహత్య కూడా చేసుకున్నాడు, చివరికి 20వ తారీఖున మున్సిపల్ కౌన్సిల్ ఆ డ్రాఫ్ట్‌ని రద్దు చేస్తూ తీర్మానం చేసింది. జగిత్యాలలో కూడా ఆ రోజుల్లోనే దాదాపు అదే కథ. కామారెడ్డిలో అభ్యంతరాలకి ఇచ్చిన గడువు జనవరి 11, గొడవ ముదిరింది మాత్రం జనవరి మొదటి వారంలో. ధర్నాతో డ్రాఫ్ట్ ఆగొచ్చు, కానీ మీ సర్వే నంబర్ మీద ఏ రంగు, అంటే ఏ జోన్, పడాలో ధర్నా తేల్చదు, అది తేలేది కాగితం మీదనే. ఇప్పుడు చాలా చిన్న టౌన్లలో ప్లాన్లు మారుస్తున్నారు కాబట్టి ఆ కాగితం పని ఎలా చేయాలో రాస్తున్నా.

ముందు పేపర్లో నోటిఫికేషన్ చూడండి, కటింగ్ దాచుకోండి. ఎప్పటి నుంచి ఎన్ని రోజులు, అభ్యంతరం ఎవరి పేరు మీద రాయాలి, మ్యాపులు ఎక్కడ పెట్టారు అన్నీ అందులోనే ఉంటాయి. మున్సిపల్ ఆఫీసులో గోడకి తగిలిస్తారు, వెళ్లి ఫోన్లో ఫొటో కొట్టుకొస్తారు అందరూ, ఇంటికొచ్చి జూమ్ చేస్తే ఏమీ కనపడదు. ఎందుకంటే అమృత్ అనే కేంద్ర ప్రభుత్వ పట్టణాల స్కీం కింద చేసే మ్యాపుల స్కేలు 1:4000, అంటే మ్యాప్ మీద ఒక సెంటీమీటర్ నేల మీద 40 మీటర్లు. మీ 30x40 ఫీట్ల ప్లాటు ఆ మ్యాప్ మీద రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటది అంతే. పెన్ను గీత మందమే ఒక మిల్లీమీటర్ అనుకుంటే అది 4 మీటర్లు, అంటే ఒక గది పోయినట్టే. అందుకే గోడ మీద బొమ్మ చూసి నిర్ధారణకి రాకండి, టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో టీపీవోని (టౌన్ ప్లానింగ్ ఆఫీసర్) కలిసి సర్వే నంబర్లు వేసిన షీటు అడగండి, ఇవ్వనంటే అప్పుడే ఆర్టీఐ వేయండి. పది రూపాయల పని, కాకపోతే జవాబుకి 30 రోజులు టైం ఉంటది వాళ్లకి, కాబట్టి నోటిఫికేషన్ వచ్చిన మొదటి వారంలోనే వేస్తే పనికొస్తది, ఆఖర్లో వేస్తే గడువు అయిపోయాక జవాబు వస్తది.

మ్యాపులు రెండు ఉంటాయి, ఇది చాలామంది పట్టించుకోరు. ఒకటి ఇప్పుడు భూమి ఎలా వాడుతున్నారో చూపించేది, రెండోది ముందు ముందు ఎలా వాడాలో చెప్పేది. అందరూ రెండోదాని మీద పడతారు కానీ తప్పు మొదలయ్యేది మొదటిదాంట్లో. శాటిలైట్ ఫొటో మీద గీస్తారు కాబట్టి అప్రూవ్డ్ లేఔటే అయినా ఇళ్లు లేకపోతే ఖాళీ భూమి అని పడొచ్చు, ఎండాకాలం ఫొటో అయితే కుంట కూడా ఖాళీ జాగా లెక్కనే కనపడొచ్చు, పాత రైస్ మిల్లు షెడ్డు ఇంకేదో అయిపోవచ్చు. మీ జాగా మొదటి మ్యాప్‌లో తప్పు పడితే ముందు దాన్నే పట్టుకోండి, ఎందుకంటే ఇది అభిప్రాయం కాదు, కళ్ల ముందు ఉన్న నిజం, కాదనడం కష్టం. లేఔట్ అయితే ఎల్పీ (లేఔట్ పర్మిషన్) నంబర్, ఇల్లు అయితే పర్మిషన్ కాపీ, ఇంటి పన్ను రసీదు పెట్టండి.

రంగులు మామూలుగా ఇలా ఉంటాయి, పసుపు నివాసం, నీలం కమర్షియల్, వంగపండు రంగు ఇండస్ట్రీ, ఎరుపు ఆఫీసులు స్కూళ్లు ఆస్పత్రులు, ఆకుపచ్చ పార్కులు వ్యవసాయం. అయినా మీ మ్యాప్ మూలన ఉన్న లెజెండే ఫైనల్.

ఒక భయం మాత్రం తీసేయాలి ముందు. రంగు మారితే భూమి సర్కారుది అయిపోదు, పట్టా మీదే, పంట మీరే వేసుకోవచ్చు. కానీ రేపు ఇల్లు కట్టుకోవాలంటే పర్మిషన్ రాదు, లేఔట్ కాదు, కొనేవాడు రేటు పడగొడతాడు, అసలు దెబ్బ అక్కడ. రోడ్డు గీత, పార్కు అయితే ఇంకా గట్టిగా ఆలోచించాలి, ఎందుకంటే 100 ఫీట్ల రోడ్డు గీస్తే దాన్ని ఎప్పుడు వేస్తారో తెలియదు కానీ ఆ గీత కింద పర్మిషన్ మాత్రం ఆగిపోతది. భూమి తీసుకునేటప్పుడు డబ్బు బదులు టీడీఆర్ బాండ్ ఇస్తాం అంటారు, అంటే వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం, అమ్ముకోవచ్చు, హైదరాబాద్‌లో అంతస్తులు పెంచుకునే బిల్డర్లు ఉన్నారు కాబట్టి అవి అమ్ముడుపోతాయి, మన టౌన్లో జీ ప్లస్ టూ దాటి కట్టేవాళ్లే తక్కువ, ఆ బాండు ఎవరు కొంటారు? అందుకే 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం ఇవ్వమని అభ్యంతరంలోనే రాసి పెట్టుకోండి.

ఇక అసలు విషయం. మ్యాప్‌తో పాటు ఒక పుస్తకం ఉంటది, జోనింగ్ రెగ్యులేషన్స్ అని. దాన్ని ఎవరూ తెరవరు, కౌన్సిలర్లు కూడా చాలామంది తెరవరని నా అనుమానం. ఏ జోన్లో ఏది చేయొచ్చు, ఏది షరతులతో చేయొచ్చు, ఏది అస్సలు వద్దు అని మూడు జాబితాలు ఉంటాయి అందులో. చిన్న టౌన్లో ముందు గదిలో కిరాణా, వెనక ఇల్లు, పక్క సందులో పిండి గిర్ని, మేడ మీద టైలరింగ్, గల్లీ చివర వెల్డింగ్ షాపు, ఇంట్లోనే మగ్గం, ఇట్లానే కదా బతికేది. పెద్ద సిటీ పుస్తకం తెచ్చి ఇక్కడ దించితే ఇవన్నీ ఒక్క కలం పోటుతో అక్రమం అయిపోతాయి. వెంటనే ఎవరూ మూయించరు, కానీ ట్రేడ్ లైసెన్స్ రెన్యూవల్ అప్పుడో పక్కింటాయనతో గొడవైనప్పుడో అదే పేజీ బయటికి వస్తది. కాబట్టి నివాస జోన్ జాబితాలో ఇవి ఉన్నాయా, మోటర్‌కి ఎన్ని హెచ్‌పీ వరకు అన్నారు, రోడ్డు ఎన్ని ఫీట్లు ఉండాలన్నారు చూడండి. మీ గల్లీ 20 ఫీట్లు ఉండి రూల్ 40 అడిగితే రూల్ ఉండీ లేనట్టే, అక్కడ 20 చేయమని అడగాలి. ఇప్పటికే నడుస్తున్న వాటి సంగతి ఏం రాశారో కూడా వెతకండి, మామూలుగా నడవనిస్తారు కానీ పెంచుకోవడానికి ఒప్పుకోరు, మిల్లు ఉన్నవాళ్లకి ఈ ఒక్క లైనే ప్రాణం.

చెరువుల దగ్గర మాత్రం బేరం ఆడకండి. బిల్డింగ్ రూల్స్ జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. మీ భూమి అందులో ఉంటే అభ్యంతరం నిలబడదు, పైగా నాలుగు వానలు గట్టిగా పడితే మునిగేది మీ ఇల్లే. కుంట మ్యాప్‌లో మాయమైతే ఇరిగేషన్ వాళ్ల రికార్డు, ఊరి నక్ష పెట్టి దాన్ని మళ్లీ గీయించమని అడగడం కూడా అభ్యంతరమే.

రాసేటప్పుడు ఒక పేజీ చాలు. సర్వే నంబర్, విస్తీర్ణం, ఊరు, డ్రాఫ్ట్‌లో ఏ జోన్ పడింది, మీకు ఏ జోన్ కావాలి, ఎందుకు. “ప్లాన్ రద్దు చేయాలి” అని మాత్రమే రాస్తే పరిశీలించాం అని ఒక ముక్క రాసి పక్కన పడేస్తారు, ప్రత్యామ్నాయం రాస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తది, ఉదాహరణకి రోడ్డుని పక్కనున్న బండ్లబాట మీదుగా తిప్పండి అని నక్ష మీద గీసి ఇస్తే. పట్టా పాస్‌బుక్ జిరాక్స్, నక్ష, టిప్పన్ (మీ సర్వే నంబర్ కొలతల కాగితం), నాలుగు ఫొటోలు జతచేయండి. ఊరంతా ఒకే లెటర్ మీద సంతకాలు పెట్టి ఇస్తే ఒక్క అభ్యంతరం కిందనే లెక్కేసే ప్రమాదం ఉంది, ఎవరిది వాళ్లు వేయండి, ఊరి తరఫున ఇంకొకటి విడిగా వేయండి. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద నంబర్, తేదీ, స్టాంపు వేయించుకోండి, “సార్ లేరు రేపు రండి” అంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి.

గడువు అయ్యాక కౌన్సిల్‌లో పెడతారు, తర్వాత డీటీసీపీకి (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ), అక్కడ నుంచి ప్రభుత్వానికి పోయి జీవో వస్తది. కౌన్సిల్ మీటింగ్ అజెండాలో మీ అభ్యంతరం మీద ఏం సిఫారసు రాశారో మీ వార్డు కౌన్సిలర్‌ని అడిగి ముందే తెలుసుకోండి, ఆ తీర్మానం కాపీ తీసుకోండి. జీవో వచ్చాక మార్చాలంటే భూ వినియోగ మార్పిడికి ఎవరికి వాళ్లే అప్లై చేసుకోవాలి, ఫీజులు, మళ్లీ నోటిఫికేషన్, హైదరాబాద్ చుట్టూ తిరగడం. ఫైనల్ జీవో రాగానే మీ సర్వే నంబర్‌కి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకుని డ్రాఫ్ట్‌తో పోల్చి చూడండి, తేడా ఉంటే తీర్మానం కాపీ, స్టాంపు వేసిన మీ లెటర్ పట్టుకుని లాయర్‌ని కలవండి.