స్కైలైట్ కారుతోందా? సిలికాన్ పూసే ముందు టైము చూడండి

చెన్నైలో ఈశాన్య వానలు పట్టుకున్నాయంటే ఒకటే ఫోన్లు: "అన్నా, స్కైలైట్ కారుతోంది, సిలికాన్ బాగా వేసేవాళ్లెవరైనా ఉన్నారా?" స్కైలైట్ అంటే వెలుతురు కోసం పైకప్పులో పెట్టే గాజు. కారేది ఆ గాజు దగ్గరే అని ఎవరు చెప్పారు? నిచ్చెన ఎక్కేముందు ఒక్కటి గమనించండి: వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడింది, వాన ఆగిన ఎంతసేపటికి ఆగింది.

పది నిమిషాల్లోనే చుక్క, వానతో పాటే ఆగిపోతుంది

ఇది గాజుకీ ఫ్రేముకీ మధ్య అతుకే. పాత సిలికాన్ మొత్తం గీకి, తుడిచి, ఆరాక ఎండావానలకు తట్టుకునే వెదర్ సిలికాన్ వేయండి. పాతదాని మీదే పూస్తే సరిగా అంటుకోదు. గాజు బల్లపరుపుగా ఉంటే నీళ్లు అతుకు మీదే నిలుస్తాయి, అడుగుకు అంగుళమైనా వాలు కావాలి.

గాలివానకే, అదీ ఒక్క వైపే

గాజు అంచు దాని చుట్టూ లేపిన గట్టు దాటి బయటికి రాలేదన్నమాట. రెండంగుళాలు బయటికి తీయించండి. 2016లో వర్ధా తుఫానుకు కారిందని ఇల్లంతా తవ్వించుకోకండి, అంత గాలికి చాలా కిటికీలే కారాయి.

వాన పడ్డ కొన్ని గంటలకు మొదలై, ఆగాక కూడా ఒకటి రెండు రోజులు కారుతుంది

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. ఇక్కడ గాజుకు ఏ పాపమూ తెలియదు.

చెన్నై మేడల మీద స్లాబుపైన వెదరింగ్ కోర్స్ ఉంటుంది: ఇటుక జల్లి, సున్నం కలిపి దిమ్మిస చేసి, పైన ప్రెస్‌డ్ టైల్స్. టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్లను ఆ జల్లి స్పాంజిలా పట్టుకుని నిదానంగా వదులుతుంది. కట్టిన ఇంటికి తర్వాత స్కైలైట్ పెట్టేటప్పుడు మేస్త్రి స్లాబు కోసి, టైల్స్ మీదే రెండు వరసల ఇటుక గట్టు లేపి ప్లాస్టరింగ్ చేసేస్తాడు. పైనుంచి చూస్తే గట్టు దిట్టంగానే ఉంటుంది. కింద జల్లిలో ఉన్న నీళ్లు మాత్రం ఇటుకల అడుగునుంచి పాకి, స్లాబు కోసిన అంచు దాకా వచ్చి లోపలికి జారతాయి. మేడ వాలుకు ఎగువ వైపున్న గట్టు దగ్గర ఇది ఎక్కువ, అక్కడ నీళ్లు వచ్చి ఆగుతాయి కాబట్టి. కోసిన అంచులో కమ్మి కొసలు బయటే ఉంటాయి. అవి తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులూడుతుంది. సిలికాన్ ట్యూబుల మీద ఏటా డబ్బు పోస్తూ ఉంటే ఈలోగా జరిగేది ఇదీ.

రుజువు కావాలా? వాన లేని రోజు స్కైలైట్ మీద టార్పాలిన్ కప్పి, నీళ్లు పోయే గొట్టానికి గుడ్డ కుక్కి, గట్టు చుట్టూ అంగుళం నీళ్లు ఒక రోజంతా నిలపండి. గాజు మీద చుక్క పడకుండానే లోపల తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే.

బాగు చేయడానికి అడ్డదారి లేదు. గట్టు చుట్టూ అడుగు వెడల్పున టైల్స్, జల్లి తీసి స్లాబు బయటపెట్టండి. టైల్స్ మీద కట్టిన ఇటుకను కూడా తీసేసి, స్లాబులోకి కమ్మి దింపి కాంక్రీటు గట్టు పోయించడమే మేలు. కమ్మి కొసల తుప్పు గీకించి, మూలలో సిమెంటుతో ఏటవాలు కట్టించి, స్లాబు మీంచి గట్టు పైదాకా ఎక్కేలా నీళ్లు దిగనివ్వని పాలిమర్ సిమెంటు కోటింగు రెండు పూతలు, మధ్యలో ఫైబర్ మెష్ అనే వల గుడ్డ వేయించండి. ఇది ఫిబ్రవరి, మే మధ్య చేయించండి, తడి స్లాబుకు పూత నిలవదు. ఆరాక మళ్లీ నీళ్లు నిలిపి చూడండి. ఆ సాయంత్రమే టైల్స్ వేసేస్తానని మేస్త్రి తొందరపెడతాడు, ఒప్పుకోవద్దు.

మిగతావి

గాజు పగులు, ఫ్రేము బోల్టు రంధ్రం: ఉంటే కంటికే కనిపిస్తాయి. స్కైలైట్ పక్కన ఏసీ డ్రెయిన్ పైపు ఉంటే, వాన లేనప్పుడు కూడా కారుతోందేమో చూడండి.

ఇంకా ప్లానులోనే ఉన్నవాళ్లు అదృష్టవంతులు. గట్టును స్లాబుతో పాటే, టైల్స్ మట్టానికి పైన ఆరంగుళాలు తేలేలా పోయించండి. నీళ్లు గొట్టానికి వెళ్లే దారిలో స్కైలైట్ పెట్టొద్దు. గాజు ల్యామినేటెడ్ అయితేనే తీసుకోండి, పగిలినా ముక్కలు నెత్తిన రాలవు. ఏప్రిల్ చివర, ఆగస్టు మూడో వారంలో చెన్నైకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అందుకని హాలు మధ్యలో పెట్టేకంటే మెట్ల మీద పెట్టుకుంటే ఎండ బాధ తక్కువ. ఫ్రేము చేసి బిగించే ఫ్యాబ్రికేటర్‌కి చివరి బిల్లు నీళ్లు నిలిపి చూశాకే ఇవ్వండి.