పిల్లల పాదం గీసి పంపమనండి

దూరం నుంచే పిల్లల కాళ్లకి సరిపోయే బూట్లు కొనే చిట్కా ఇది. దుబాయ్‌లో మా పక్క గదిలో ఉండే ఫిలిప్పీన్స్ అక్క దగ్గర నేర్చుకున్నాను. పిల్లల్ని ఊళ్లో వదిలి వచ్చిన ఏ అమ్మకైనా పనికొస్తుంది.

ఫిలిప్పీన్స్ వాళ్లు ఇంటికి పంపే పెద్ద అట్టపెట్టెను బాలిక్‌బయాన్ బాక్స్ అంటారు. ఓడలో వెళ్తుంది. మామూలుగా బరువును బట్టి కాక పెట్టె సైజును బట్టి డబ్బు కడతారు, అందుకే ఎక్కడా ఖాళీ వదలరు. క్రిస్మస్‌కి అందాలని అక్క సెప్టెంబర్‌కే సర్దడం మొదలుపెడుతుంది.

అన్నిటికన్నా టెన్షన్ చెప్పులు, బూట్ల దగ్గరే. పిల్లల కాళ్లు నెలనెలా పెరుగుతాయి కదా! అక్క ఏం చేస్తుందంటే, పిల్లాడిని కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయమని వాళ్ల అమ్మమ్మకి చెబుతుంది. ఫొటోలో సైజు తెలియదు కాబట్టి పక్కన స్కేలు పెట్టించాలి. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి చివరిదాకా ఎన్ని సెంటీమీటర్లో చూసి, దానికి ఒకటి కలిపి కొంటుంది. పెట్టె చేరేసరికి వారాలు గడిచిపోతాయి మరి. పోయిన ఏడాది అక్క ఆ గీత బొమ్మను కత్తిరించి, షాపులో బూటు లోపల పెట్టి చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి.

బూట్లలో సాక్సులు కుక్కండి, ఆకారం చెడదు. సబ్బులు మాత్రం విడిగా కవర్లో గట్టిగా కట్టండి. లేదంటే బిస్కెట్లు, కాఫీ పొడి అన్నీ సబ్బు వాసనే!