గ్యాస్ పైకి పోతుందా, కింద కూర్చుంటుందా? 29తో తేల్చేయండి

గ్యాస్ అంటే పైకి పోయేదే అని చాలామంది నమ్మకం. అందుకే వంటింట్లో వాసన రాగానే చెయ్యి ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీదకి పోతుంది. సిలిండర్ గ్యాస్ దగ్గర అంతకన్నా పొరపాటు పని లేదు.

గుర్తుంచుకోవాల్సిన అంకె 29. గాలిలో నూటికి 78 వంతులు నైట్రోజన్, దాని అణుభారం 28; 21 వంతులు ఆక్సిజన్, అది 32; సగటు తీస్తే 29 దగ్గర తేలుతుంది. ఇక మీ గ్యాస్ ఫార్ములాలో ఒక్కో పరమాణువుకి, కార్బన్‌కి 12, హైడ్రోజన్‌కి 1, నైట్రోజన్‌కి 14, ఆక్సిజన్‌కి 16 చొప్పున కూడి (గాలిలో నైట్రోజన్, ఆక్సిజన్ జంటలుగా ఉంటాయి, అందుకే పైన 28, 32) 29తో భాగించండి. ఒకటి దాటితే కిందకి, తగ్గితే పైకి. ప్రొపేన్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, అంటే 44. గాలికి ఒకటిన్నర రెట్లు. బ్యూటేన్ 58, అచ్చంగా రెట్టింపు. మన సిలిండర్లో ఉండేది ప్రధానంగా ఈ రెండే కాబట్టి లీకైతే గట్టు కింద, నేల మీద, తూము దగ్గర చేరుతుంది. గ్యాస్ డిటెక్టర్ని నేలకి అడుగులోపే బిగించాలి. పైపులో వచ్చే గ్యాసైతే మీథేన్, 16 మాత్రమే, దానికి పైకప్పు దగ్గర పెట్టాలి.

వాసన వస్తే ఏ స్విచ్చూ వెయ్యొద్దు, ఆపొద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బయటికొచ్చాక 1906కి ఫోన్ చెయ్యండి.

నమ్మకం కుదరకపోతే పొడవాటి గ్లాసులో చెంచాడు వంటసోడా వేసి నిమ్మకాయ పిండండి. నురగ తగ్గాక, రసం ఒలకకుండా గ్లాసుని వెలుగుతున్న కొవ్వొత్తి మంట మీదకి నెమ్మదిగా వంచండి. ఏమీ పోసినట్టు కనపడదు, మంట మాత్రం ఆరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ 44 కదా, నీళ్ళలాగే జారింది.

పాత బావుల్లో మనుషుల్ని చంపేదీ ఇలా అడుగున నిలిచిన గ్యాసే. వెనకటికి లాంతరు దించి చూసేవాళ్ళు, కానీ దాన్ని నమ్మకండి. దీపం ఆరకుండానే హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణం తీయగలదు, మీథేన్ ఉంటే లాంతరే నిప్పంటిస్తుంది. గ్యాస్ మీటరుతో కొలవకుండా దిగొద్దు, పడిపోయినవాణ్ణి తీద్దామని అసలే దూకొద్దు.

29 లెక్క చల్లదనం దగ్గర తప్పుతుంది. అమ్మోనియా 17, తేలికే, కానీ ట్యాంకులోంచి ద్రవంగా చిమ్మితే చల్లటి పొగమంచులా నేలనంటుకునే పాకుతుంది. బొగ్గుల కుంపట్లోంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ 28, గాలితో దాదాపు సమానం, గదంతా కలిసిపోతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని, మంచం మీద ఎత్తుగా పడుకున్నాం కదా అనుకుంటే లాభం లేదు.