చిన్న ఇంజన్ల రిపేరు, 4వ పాఠం: బ్యాటరీ ఇగ్నిషన్, మాగ్నెట్ ఇగ్నిషన్

పోయిన పాఠంలో ప్లగ్ విప్పి గ్యాప్ సరిచేశాం. ఆ ప్లగ్‌కు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో ఈసారి చూద్దాం.

మన అనంతపురం చీనీ తోటల్లో మందు కొట్టే పెట్రోల్ స్ప్రేయర్ ఉంది కదా, తాడు లాగి స్టార్ట్ చేసేది. దానికి బ్యాటరీ ఉండదు. ఫ్లైవీల్‌లో బిగించిన అయస్కాంతం కాయిల్ పక్కనుంచి తిరిగినప్పుడల్లా కరెంటు అక్కడే పుడుతుంది. పాయింట్లు (ఇంజన్ తిరుగుతుంటే మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండే కాంటాక్టులు) ఉన్న పాత బుల్లెట్‌లో అయితే కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి, తాళం స్విచ్ దాటి కాయిల్‌కు చేరుతుంది.

అక్కడినుంచి రెండింటి పనీ ఒకటే. కాయిల్‌లో లావు తీగ చుట్లు ప్రైమరీ, వేల చుట్లున్న సన్న తీగ సెకండరీ. పాయింట్లు తెరుచుకోగానే ప్రైమరీ కరెంటు తెగుతుంది. కాయిల్‌లోని అయస్కాంత బలం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ దెబ్బకు సెకండరీలో వేల వోల్టులు పుట్టి, ప్లగ్ దగ్గర నిప్పురవ్వ దూకుతుంది. కొత్త ఇంజన్లలో పాయింట్ల పని ఎలక్ట్రానిక్ యూనిట్ చేస్తుంది.

తేడా వేగం దగ్గర తెలుస్తుంది. బ్యాటరీ బాగుంటే మెల్లగా కిక్ కొట్టినా రవ్వ గట్టిగానే వస్తుంది. అదే ఇంజన్ మరీ జోరందుకుంటే, పాయింట్లు మూసుకునే కాస్త సమయంలో కాయిల్ పూర్తిగా నిండదు, రవ్వ పలచబడుతుంది. మాగ్నెట్‌ది దీనికి తలకిందులు. వేగం పెరిగేకొద్దీ రవ్వ బలపడుతుంది, నెమ్మదిగా తిప్పితే రాదు. అందుకే స్ప్రేయర్ స్టార్ట్ కాకపోతే వెంటనే కార్బురేటర్ మీద పడకండి. ముందు తాడు ఒక్క ఊపున లాగి చూడండి.

ఇక స్విచ్ సంగతి బాగా గుర్తుంచుకోండి, రిపేరులో ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. బ్యాటరీ బండిలో ఆఫ్ చేస్తే కాయిల్‌కు కరెంటు ఆగిపోతుంది. మాగ్నెట్‌లో ఆఫ్ చేస్తే ప్రైమరీ కరెంటు బాడీకి ఎర్త్ అయిపోతుంది. కాబట్టి స్విచ్ వైరు తెగితే బ్యాటరీ బండి స్టార్ట్ కాదు, మాగ్నెట్ ఇంజనేమో ఆఫ్ చేసినా ఆగదు. ఆ వైరు తొడుగు అరిగి బాడీకి తగిలిందంటే మాగ్నెట్‌లో రవ్వే రాదు. కొత్త కాయిల్ కొనేముందు ఆ వైరు ఊడదీసి ఒకసారి చూడండి. రవ్వ వస్తే కాయిల్ మంచిదే, ఖర్చు తప్పినట్టే. అలా చూసేటప్పుడు ఇంజన్ అందుకుంటే చోక్ మూసి ఆపాలి.

ఇంటిపని: మీ దగ్గరున్న ఇంజన్‌లో కాయిల్ నుంచి స్విచ్ దాకా వైరు ఎటు పోతోందో కాగితం మీద గీయండి. రవ్వ చూసేటప్పుడు చుట్టూ ఒలికిన పెట్రోలు తుడిచేయండి, ప్లగ్‌ను సిలిండర్ రంధ్రానికి దూరంగా బాడీకి ఆనించండి, మెటల్ భాగాన్ని చేత్తో పట్టుకోవద్దు. వచ్చే పాఠంలో ఫ్లైవీల్‌కూ కాయిల్‌కూ మధ్య సందు ఎంతుండాలో కొలుద్దాం.