డెక్‌కి ఏ మెటీరియల్ వేయాలి? ముందు ఎండనీ నీళ్లనీ చూడండి

డెక్, అంటే ఇంటి బయట పలకలతో వేసే అరుగు, వేయిద్దామనుకోగానే అందరూ రంగులూ శాంపిల్ ముక్కలూ చూడటం మొదలుపెడతారు. అంతకంటే ముందు, డెక్ వచ్చే చోట ఎండ ఎంతసేపు పడుతోంది, వాన వెలిశాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఈ రెండూ గమనించండి. సగం నిర్ణయం అక్కడే తేలిపోతుంది.

చెక్కే కావాలనుకుంటే నా ఓటు టేకుకే. అందులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి తడినీ చెదలనీ బాగా తట్టుకుంటుంది, కానీ ఆ గుణమంతా చేవలోనే, అంటే మాను నడిమి ముదురు చెక్కలోనే ఉంటుంది, బెరడు పక్కనుండే లేతరంగు చెక్క పేరుకి టేకే అయినా త్వరగా పుచ్చిపోతుంది. అందుకని కొనేముందు ప్రతి పలకనీ తిప్పి, అంచులూ చివర్లూ చూడండి. పాలిపోయిన చారలు ఎక్కువగా ఉన్నవి మొహమాటం లేకుండా పక్కన పెట్టించండి. ఎండకి టేకు బూడిదరంగులోకి మారితే కంగారుపడొద్దు, మారేది పైపొర రంగే.

పుచ్చకుండా మందు (ప్రిజర్వేటివ్) ఎక్కించిన పైన్ చెక్క చవకలో వస్తుంది, ఫర్వాలేదు. అయితే కోసిన ప్రతి చివరకీ మళ్లీ ప్రిజర్వేటివ్ పూయించాలి, ఎందుకంటే మందు లోపలిదాకా పట్టకపోవచ్చు, నీళ్లు ఎక్కువగా పీల్చుకునేవి కూడా ఆ చివర్లే.

ఏటా ఆయిల్ పట్టించే ఓపిక లేనివాళ్లకి కాంపోజిట్ నయం. ఇది చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసేది, పేళ్లు గుచ్చుకోవు, చెదల టెన్షన్ తక్కువ. చుట్టూ ప్లాస్టిక్ పొర ఉన్న రకమే తీసుకోండి, పొర లేనిది మరకల్ని పట్టేసుకుంటుంది. దీంతో అసలు ఇబ్బంది వేడి. ముదురు రంగు పలక మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవనివ్వదు, పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. శాంపిల్ ముక్కని ఎండలో ఓ గంట ఉంచి అరచెయ్యి ఆనించి చూడండి, కేటలాగ్ చెప్పనిది అదే చెప్పేస్తుంది. వేడికి పలక పొడవు కూడా పెరుగుతుంది కాబట్టి చివర్ల దగ్గర తయారీదారు చెప్పినంత సందు వదలాల్సిందే. కింది దూలాల మధ్య దూరం మామూలుగా 40 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే పలక కుంగుతుంది.

డబ్బంతా పైపలకల మీదే పెట్టేయకండి. గాలాడక ఎప్పుడూ తడిగా ఉండేది కింది ఫ్రేమే, అది కుళ్లిందంటే పైన ఎంత ఖరీదైన టేకున్నా మొత్తం ఊడదీయాల్సిందే. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి, సముద్రానికి దగ్గరైతే ఉప్పుగాలిని బాగా తట్టుకునే 316 గ్రేడ్ అని అడిగి మరీ తీసుకోండి.