ఫలితాల సీజన్ మొదలయ్యేలోపు: చార్టు చూసి ట్రేడ్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల్లో రెండో వారం వచ్చిందంటే కంపెనీల త్రైమాసిక ఫలితాలు మొదలైనట్టే. మామూలుగా ముందు పెద్ద ఐటీ కంపెనీలు వస్తాయి, ఆ వెనకే బ్యాంకులు. త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లోపు ఫలితాలు ప్రకటించాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. మార్చితో ముగిసే ఏడాది లెక్కలకు మాత్రం 60 రోజుల గడువుంది. అందుకే ఆగస్టు 14, నవంబర్ 14, ఫిబ్రవరి 14, మే 30 దాకా రోజూ ఏవో కొన్ని షేర్లు గ్యాప్‌తో, అంటే ముందు రోజు ముగింపు ధరకు బాగా దూరంగా, తెరుచుకుంటూనే ఉంటాయి. స్వింగ్ ట్రేడింగ్ చేసేవాళ్లు, అంటే చార్టులో ప్యాటర్న్ చూసి కొని నాలుగు రోజులో నాలుగు వారాలో ఉంచుకునేవాళ్లు, ఏడాదిలో ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ రోజుల్లోనే. ప్యాటర్న్ గుర్తుపట్టడం రాక కాదు. గ్యాప్‌ని లెక్కలోకి తీసుకోకుండా క్వాంటిటీ, అంటే ఎన్ని షేర్లు కొనాలన్న లెక్క, వేసుకోవడం వల్ల.

మొదటి పని తేదీలు చూసుకోవడం. మీ పోర్ట్‌ఫోలియోలో, వాచ్‌లిస్ట్‌లో ఉన్న ప్రతి షేరుకూ ఫలితాల బోర్డు మీటింగ్ ఏ రోజో ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో ముందుగానే ఉంటుంది. ఆ తేదీని చార్టు మీదే నిలువు గీతగా గీసుకోండి. బ్రేకవుట్ (షేరు ఇన్నాళ్లూ ఆగిన ధరను దాటి పైకి పోవడం) ఇవాళ వచ్చి ఫలితాలు ఎల్లుండి ఉంటే, మీరు కొంటున్నది బ్రేకవుట్‌ని మాత్రమే కాదు, ఎల్లుండి ఫలితాన్ని కూడా. ఇంకో సంగతి. ఫలితాలకు ముందు పది పదిహేను రోజులు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఇద్దరూ ఆగి చూస్తారు. వాల్యూమ్ తగ్గుతుంది, క్యాండిళ్లు చిన్నవవుతాయి, చార్టు మీద ఎక్కడ చూసినా ట్రయాంగిళ్లూ ఫ్లాగ్‌లూ, అంటే ధర ఇరుకులో బిగుసుకున్న ఆకారాలు, కనిపిస్తాయి. ఆ బిగువు చాలాసార్లు క్యాలెండర్ వల్ల వచ్చినదే. లోపల ఎవరో పోగేస్తున్నారని దానికి అర్థం చెప్పుకోవద్దు. మూడు నెలలుగా ధర ఒకే పరిధిలో తిరిగి ఏర్పడిన బేస్‌కి ఉన్న విలువ, మీటింగ్‌కి ముందు రెండు వారాల్లో పుట్టిన ట్రయాంగిల్‌కి ఉండదు.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టాప్‌లాస్ (ఫలానా ధరకు పడితే అమ్మేయమనే ఆర్డర్) పెట్టాను కదా, నష్టం అంతకు మించదు అనే ధీమాయే ఈ సీజన్‌లో ఎక్కువమందిని ముంచుతుంది. ఒక షేరు 500 దగ్గర కప్ అండ్ హ్యాండిల్ అనే, పిడి ఉన్న కప్పు ఆకారపు ప్యాటర్న్ నుంచి బ్రేకవుట్ ఇచ్చింది అనుకుందాం. 100 షేర్లు కొన్నారు, స్టాప్ 480. సాయంత్రం మార్కెట్ ముగిశాక ఫలితాలు వచ్చాయి, బాగాలేవు. మర్నాడు ఉదయం షేరు 450 దగ్గర తెరుచుకుంది. 480 అనే ధర ఆ రోజు మార్కెట్లో లేనే లేదు. మీ ఆర్డర్‌లో ట్రిగ్గర్ (ఆర్డర్ మేలుకునే ధర) 480, లిమిట్ (అంతకన్నా తక్కువకు అమ్మని ధర) 478 అయితే మొదటి ట్రేడ్‌కే ట్రిగ్గర్ పేలుతుంది, 478కి అమ్ముతామనే ఆర్డర్ వెళ్లి వరసలో కూర్చుంటుంది. కొనేవాళ్లేమో 450 దగ్గర ఉన్నారు. ఆర్డర్ బుక్‌లో ‘పెండింగ్’ అని కనిపిస్తూనే ఉంటుంది, షేరు 440కి, 435కి జారుతుంది, 100 షేర్లూ మీ దగ్గరే ఉంటాయి. అదే ఎస్‌ఎల్-ఎం, అంటే ట్రిగ్గర్ పేలాక దొరికిన ధరకే అమ్మే ఆర్డర్ అయితే 450 చుట్టుపక్కల అమ్ముడుపోతుంది. బయటపడతారు గానీ నష్టం 2,000 కాదు, 5,000. బీఎస్‌ఈలో 2023 అక్టోబర్ నుంచి ఎస్‌ఎల్-ఎం ఆర్డర్లే లేవు. జీటీటీ, అంటే ఆ ధర వచ్చేదాకా బ్రోకర్ దగ్గర రోజుల తరబడి ఉండే ఆర్డర్, పెట్టుకున్నా లిమిట్ ధరతో వచ్చే చిక్కు ఇదే. పైగా ఎక్స్ఛేంజ్‌లో మామూలు స్టాప్‌లాస్ ఆర్డర్ ఆ ఒక్కరోజుకే ఉంటుంది. నిన్న పెట్టింది ఇవాళ ఉండదు.

ఇలాంటివి చిన్నాచితకా షేర్లకే జరుగుతాయనుకోవద్దు. ఇన్ఫోసిస్ 2023 ఏప్రిల్ 13న, గురువారం మార్కెట్ ముగిశాక, ఫలితాలిచ్చింది. శుక్రవారం అంబేద్కర్ జయంతి సెలవు, ఆపైన శని, ఆదివారాలు. సోమవారం, 17న, షేరు భారీ గ్యాప్‌తో కిందే తెరుచుకుని, రోజు మధ్యలో ఇంకా లోతుకు వెళ్లి, చివరికి 9 శాతానికి పైగా నష్టంతో ముగిసింది. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్ 2024 జనవరి 17న, ఫలితాల మర్నాడు, 8 శాతానికి పైగా పడింది. 3, 4 శాతం దూరంలో పెట్టుకున్న ఏ స్టాపూ ఆ రెండు ఉదయాలూ ఎవరినీ కాపాడి ఉండదు.

కాబట్టి ఫలితాల మీదుగా ఉంచుకోదలచిన షేరుకు క్వాంటిటీని స్టాప్ దూరాన్ని బట్టి కాక, గ్యాప్ దూరాన్ని బట్టి లెక్కేయాలి. చార్టు వెనక్కి జరిపి గత 8 త్రైమాసికాల ఫలితాల రోజులు చూడండి. ముందు రోజు ముగింపు ధర నుంచి మర్నాటి కనిష్ఠం దాకా ఒక్కోసారి ఎంత శాతం పడిందో కాగితం మీద రాయండి. అందులో అన్నిటికన్నా పెద్దది తీసుకోండి, సగటు కాదు. అది 10 శాతం అనుకుంటే 500 షేరుకు 50 రూపాయలు. మీ పెట్టుబడి 2,00,000, ఒక ట్రేడ్‌లో 1 శాతమే పోగొట్టుకుంటానని నియమం పెట్టుకుంటే అది 2,000. మామూలు రోజుల్లో 20 రూపాయల స్టాప్‌కి 2,000 ÷ 20 = 100 షేర్లు. ఫలితాల మీదుగా అయితే 2,000 ÷ 50 = 40 షేర్లు. మిగతా 60 షేర్లు ఫలితాల రోజున, వస్తాయనుకున్న సమయానికి ముందే అమ్మేయాలి. మనసొప్పకపోతే కనీసం ‘ఈ 60 షేర్ల వల్ల నేను అదనంగా 3,000 పోగొట్టుకోవడానికి సిద్ధం’ అని రాసి పెట్టుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే అమ్మేయడమే మేలు.

ఒక్కో షేరుకు లెక్క సరిగ్గా ఉన్నా, అన్నీ కలిపితే తప్పే చోటొకటుంది. అయిదు పొజిషన్లూ ఐటీ షేర్లే అయితే అవి అయిదు కావు, ఒకటే. టీసీఎస్ ఫలితాల మర్నాడు ఇన్ఫోసిస్, హెచ్‌సీఎల్ టెక్, విప్రో చార్టులు కూడా కదులుతాయి. హైదరాబాద్ ఫార్మా కంపెనీల షేర్లు పట్టుకున్నవాళ్లకు ఫలితాల తేదీలు చూసుకోవడం కూడా చాలదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీ వార్తలు ఏ క్యాలెండర్‌లోనూ ఉండవు. 2017 మార్చిలో దివీస్ విశాఖ యూనిట్ మీద ఇంపోర్ట్ అలర్ట్ (అమెరికాలోకి దిగుమతిని ఆపే ఉత్తర్వు) వచ్చినప్పుడు షేరు ఒక్క రోజులో దాదాపు 20 శాతం పడింది. అలాంటి రంగంలో ఒక్క షేరులోనే పెట్టుబడి మొత్తం పెట్టడం ప్యాటర్న్ ఎంత అందంగా ఉన్నా తగదు.

ఫలితాలు లేకపోయినా పెద్ద ఘటన అంటే ఏమిటో 2024 జూన్ చూపించింది. ఎగ్జిట్ పోల్స్ చూసి జూన్ 3న నిఫ్టీ 3 శాతానికి పైగా పెరిగి 23,263 దగ్గర కొత్త రికార్డులో ముగిసింది. చార్టు మీద అంతకన్నా శుభ్రమైన బ్రేకవుట్ దొరకదు. మర్నాడు ఓట్ల లెక్కింపు రోజున దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. మళ్లీ జూన్ 7కల్లా 23,290. చిన్న క్వాంటిటీతో ఉన్నవాళ్లు ఆ ఒక్క రోజునూ ఓర్చుకుని నిలబడగలిగారు. అప్పు మీద, మార్జిన్ మీద కొన్నవాళ్లకు 4వ తేదీనే కథ ముగిసింది. ఎంటీఎఫ్‌లో, అంటే బ్రోకర్ దగ్గర వడ్డీకి తీసుకున్న డబ్బుతో కొన్న షేర్లను ఈ సీజన్‌కి ముందే తగ్గించుకోమనడానికి కారణం ఇదే. మార్జిన్ తగ్గితే ఎప్పుడు అమ్మాలో మీరు నిర్ణయించరు, బ్రోకర్ సిస్టమ్ నిర్ణయిస్తుంది.

ప్యాటర్న్ సరిచూసుకునే దగ్గర జరిగే పొరపాట్లు కొన్ని ఎప్పుడూ ఉండేవే, ఈ రోజుల్లో మరీ ఖరీదు. బ్రేకవుట్‌ని రోజు ముగింపు ధరతో తేల్చుకోండి. ఉదయం 10 గంటలకు కనిపించే డైలీ క్యాండిల్ ఇంకా తయారవుతూనే ఉంది, సాయంత్రానికి అది పొడవాటి విక్‌గా, అంటే ధర పైకి వెళ్లి వెనక్కి వచ్చిన సన్న గీతగా, మిగలొచ్చు. వీక్లీ చార్టు చూసేవాళ్లకు శుక్రవారం ముగిసేదాకా ఆ వారం క్యాండిల్ లేనట్టే. వాల్యూమ్ గత 20 రోజుల సగటుకు కనీసం ఒకటిన్నర రెట్లు లేకపోతే, నెక్‌లైన్ (ప్యాటర్న్ పూర్తయ్యే గీత) దాటినా అనుమానంగానే చూడండి. స్ప్లిట్ (షేరును ముక్కలు చేయడం), బోనస్ (ఉచిత షేర్లు), డీమెర్జర్ (కంపెనీని విడదీయడం) జరిగిన షేరు చార్టు సవరించిన ధరలతో ఉందో లేదో రెండు చోట్ల సరిచూడండి. సవరించని చార్టులో 1:1 బోనస్ కూడా సగానికి సగం పడిపోయినట్టు, సపోర్ట్ విరిగినట్టు కనిపిస్తుంది. పాత ధరల మీద పెట్టుకున్న అలర్ట్‌లు, జీటీటీలు రద్దు చేసి మళ్లీ పెట్టుకోవాలి. అయిదారేళ్ల ట్రెండ్‌లైన్ గీసేటప్పుడు ఎత్తును శాతాన్ని బట్టి చూపే లాగ్ స్కేల్ వాడండి. మామూలు స్కేల్‌లో 100 నుంచి 200, 1,000 నుంచి 1,100 ఒకే ఎత్తులో కనిపిస్తాయి. జిగ్‌జాగ్ లాంటి ఇండికేటర్లు గతంలో శిఖరాలను సరిగ్గా పట్టుకున్నట్టు కనిపించేది తర్వాత వచ్చిన క్యాండిళ్లను చూసి వెనక్కి వెళ్లి గీస్తాయి కాబట్టి. ట్రేడ్ చేసే క్షణంలో ఆ గీత అక్కడ ఉండదు.

హెడ్ అండ్ షోల్డర్స్, డబుల్ టాప్ లాంటి పడిపోయే ప్యాటర్న్‌ల విషయంలో మన మార్కెట్ నియమం ఒకటి మరిచిపోకూడదు. క్యాష్ సెగ్మెంట్‌లో (మామూలుగా షేర్లు కొని అమ్మే చోట) మీ దగ్గర లేని షేరును అమ్మితే, అంటే షార్ట్ చేస్తే, అదే రోజు తిరిగి కొనాలి, రాత్రి ఉంచుకోవడానికి లేదు. నెక్‌లైన్ విరిగాక టార్గెట్‌కి వారాలు పట్టే ప్యాటర్న్‌ని ఒక్క మధ్యాహ్నంలో ట్రేడ్ చేయబోవడం అంటే ఆ ప్యాటర్న్‌తో సంబంధం లేని పని చేయడమే. పైగా ఫలితాలు బాగా వచ్చి షేరు అప్పర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ ధర దగ్గర, ఇరుక్కుంటే తిరిగి కొనడానికి అమ్మేవాడు దొరకడు. అప్పుడు ఎక్స్ఛేంజ్ వేలంలో కొని ఇస్తుంది, ఆ తేడా మీ ఖాతాలో పడుతుంది. 5, 10, 20 శాతం సర్క్యూట్ ఉన్న షేర్లలో ఫలితాల రోజున షార్ట్ జోలికి పోకండి. క్యాష్ ట్రేడర్‌కి ఆ ప్యాటర్న్‌ల అసలు ఉపయోగం చేతిలో ఉన్న షేరును ఎప్పుడు వదిలించుకోవాలో చెప్పడమే.

ఫలితాలకు ముందు కాల్ ఆప్షన్ (ఫలానా ధరకు షేరు కొనే హక్కు) కొనడం చాలామందికి చవకగా తోస్తుంది, నష్టం ఆ హక్కుకు కట్టిన ధర, అంటే ప్రీమియం వరకే కదా అని. ఆ ప్రీమియంలో ఫలితాల తాలూకు ఉత్కంఠ ధర ముందే కలిపి ఉంటుంది. ఫలితం వచ్చిన మర్నాడు అది ఆవిరవుతుంది, షేరు 2 శాతం పెరిగినా మీ కాల్ తగ్గొచ్చు. ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు ముగిసే రోజు) దాకా ఉంచితే, విలువ మిగిలిన స్టాక్ ఆప్షన్లు డెలివరీలో, అంటే షేర్లు చేతులు మారి, సెటిల్ అవుతాయి, లాట్ (ఒక ఆప్షన్‌లోని షేర్ల కట్ట) మొత్తం విలువ లక్షల్లో కట్టాల్సి రావచ్చు. ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లలో, వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ అధ్యయనం లెక్క తేల్చింది. ఆ 93 శాతంలో చార్టు చదవడం వచ్చినవాళ్లు తక్కువేం ఉండరు.

‘ఫలితాల జాక్‌పాట్’ అంటూ టెలిగ్రామ్‌లో చార్టు స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లు సెబీలో నమోదైన రిసెర్చ్ అనలిస్టులా కాదా చూడండి. ఆ నంబర్ ఐఎన్‌హెచ్ అనే అక్షరాలతో మొదలవుతుంది, సెబీ వెబ్‌సైట్‌లో వెతికితే పేరుతో సహా కనిపించాలి.

ఫలితాలు రాత్రి వచ్చి, పొద్దున్నే బయటపడాలని నిర్ణయించుకుంటే చేయాల్సింది ఇది. 9 గంటలకు ప్రీ-ఓపెన్, అంటే ట్రేడింగ్‌కి ముందు ఓపెనింగ్ ధర తేల్చే సెషన్, మొదలవుతుంది. అందులో స్టాప్‌లాస్ ఆర్డర్లు తీసుకోరు, మామూలు అమ్మకం ఆర్డర్ పెట్టొచ్చు. 9:07 తర్వాత ఏ క్షణమైనా ఆర్డర్లు ఆగిపోతాయి కాబట్టి 9:05 లోపే పెట్టేయండి. అందరికీ ఒకే ధరకు ఆర్డర్లు జతపడతాయి, 9:08 దాటాక ఆ ఓపెనింగ్ ధర తెలిసిపోతుంది. అప్పటి నుంచి 9:15 దాకా ఆర్డర్ మార్చడానికి లేదు, కాబట్టి అమ్ముడుపోకపోతే 9:15కి మార్కెట్ తెరుచుకోగానే ఆ ధర చూసి లిమిట్‌ని కిందికి మార్చుకోండి. నిన్నటి స్టాప్ ధర దగ్గర మొండిగా లిమిట్ పెట్టుకుని కూర్చోవద్దు. ఫలితాలు మార్కెట్ నడుస్తుండగా, మధ్యాహ్నం వస్తే మొదటి అయిదు నిమిషాలు కొత్త ఆర్డర్ ఏదీ వేయకండి. స్టాండలోన్ (కంపెనీ ఒక్కదాని) అంకెను కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) అంకె అనుకోవడం, ఒక్కసారి వచ్చిన ఆదాయాన్ని లాభం పెరుగుదలగా చదవడం ఆ నిమిషాల్లోనే జరుగుతుంది. షేరు పైకీ కిందికీ ఊగి రెండు వైపుల స్టాప్‌లనూ కొట్టేస్తుంది.

గ్యాప్ పడ్డాక పాత ట్రయాంగిల్, పాత నెక్‌లైన్, పాత టార్గెట్ చార్టు మీద నుంచి తుడిచేయండి. అవి ఫలితం తెలియని ధరలతో గీసినవి. ఫలితాల రోజు గరిష్ఠం, కనిష్ఠం, ఈ రెండింటినే గీసి ఉంచుకోండి. కనీసం మూడు నుంచి అయిదు రోజుల ముగింపులు చూశాక, వాటిలో ఒకదాన్ని వాల్యూమ్‌తో దాటినప్పుడు కొత్త ట్రేడ్ గురించి ఆలోచించండి, అప్పుడు మళ్లీ 20 రూపాయల స్టాప్, 100 షేర్ల లెక్కకు రావచ్చు.