అక్టోబరు వానలకు ముందు విశాఖ పూలకుండీలకు జాగ్రత్తలు

– పిట్టగోడ మీది కుండీలు ముందు కిందికి దించండి. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. పడితే పోయేది మొక్క ఒక్కటే కాదు, కింద మనుషులు తిరుగుతుంటారు.

– అడుగు రంధ్రాలు పుల్లతో పొడవండి. చెంబుడు నీళ్లు పోస్తే వెంటనే కారాలి. నిలిస్తే చామంతి వేళ్లు కుళ్లుతాయి. పైకి మాత్రం నీళ్లు చాలక వాడినట్టే కనిపిస్తుంది, మనం ఇంకా పోస్తాం! కింది పళ్లేలూ తీసేయండి.

– కొత్త మట్టికి ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు 1, ఇసుక 1. దగ్గరే ఉందని బీచ్ ఇసుక కలపొద్దు, ఉప్పు.

– యూరియా ఆపండి. సగం వానకు కొట్టుకుపోతుంది, మిగతాది లేత కొమ్మలు తెస్తే గాలికి విరుగుతాయి.

– మల్లె కత్తిరింపు డిసెంబరుకి.

– సముద్రపు గాలి హోరెత్తి వాన పడకపోతే, ఆకుల్ని మంచినీళ్లతో కడగండి. ఉప్పుకు అంచులు మాడతాయి.